కవరుతో సహా

నూలుపేటలో టీవీ రంగులు ఎవరింట్లో వాళ్ళు మార్చుకోవడం నేరం. పొరుగూరి చుట్టం ఎవరైనా తెలియక రిమోటు అందుకుని "ఇదేందిరా, మొహాలు ఇట్టా ఉన్నాయి?" అని ఏదో మీట నొక్కబోతే, ఇంటివాళ్ళు గబుక్కున చెయ్యి పట్టుకుంటారు. గ్యాసు బండ పక్కన అగ్గిపుల్ల గీయబోయినవాణ్ణి ఆపినంత పని చేస్తారు.

ఈ చట్టం పుట్టడానికి కారణం ఒక పెద్దాయన. పేరెందుకు లెండి, పెద్దాయన అంటే చాలు. ఆయన ఒకనాడు వియ్యంకుడింట్లో సుష్ఠుగా భోంచేసి, తాంబూలం నములుతూ, టీవీలో తన ఉపన్యాసం తనే చూసుకుంటున్నాడు. ఆ టీవీలో ఆయన ముఖం ఉడకబెట్టిన బీట్‌రూట్ దుంపలా ఉంది. "ఏం బావగారూ, నేనిలా ఉంటానా?" అని అడిగాడు. బావగారు మొహమాటానికైనా కాదనలేదు. ఇంకేముంది! మూడు నెలలు తిరక్కుండా చట్టమొచ్చింది, చట్టం వెనకాలే మండలి వచ్చింది, మండలి వెనకాలే ఊరూరా ఆఫీసులొచ్చాయి. గృహ తెరల వర్ణ క్రమబద్ధీకరణ మండలి అని దాని పేరు. అంత పేరు పలికే ఓపిక లేక జనం రంగులాఫీసు అన్నారు.

నూలుపేట రంగులాఫీసుకి రాజధాని నుంచి ప్రామాణిక టీవీ అని ఒకటి లారీలో దిగింది. బ్యాండు మేళంతో ఊరేగించి, టేకు బల్ల మీద పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చట్రానికి కుంకుమ బొట్టు పెట్టారు. వర్ణ పర్యవేక్షకులు గొర్తి సూర్యప్రకాశంగారు గొంతు సవరించుకుని ప్రకటించారు.

"ఇకమీదట ఈ టీవీయందు ఎరుపుగా కనిపించునదే ఎరుపు. పసుపుగా కనిపించునదే పసుపు. ఇందుకు భిన్నముగా కనిపించు రంగులు రంగులుగా పరిగణింపబడవు."

జనం చప్పట్లు కొట్టారు. ఆ టీవీని చూసి అట్టముక్కల మీద రంగులు దించుకుని, వాటిని చంకన పెట్టుకుని, సూర్యప్రకాశంగారు ఇల్లిల్లూ తిరిగారు. ఊళ్ళో ఉన్నవి ఎనిమిదొందల ముప్పై టీవీలు. అన్నిటినీ దిద్దడానికి ఆరు నెలలు పట్టింది. దిద్దిన ప్రతి టీవీ నీలంగా మారింది. వార్తలు చదివే అమ్మాయి దగ్గర్నుంచి క్రికెట్టు అంపైరు దాకా అందరూ శ్రీకృష్ణ పరమాత్మ ఛాయలోకి వచ్చేశారు. వంటల కార్యక్రమంలో పులిహోర కాకరకాయ రసం పోసి కలిపినట్టు కనపడేది. భక్తి ఛానెలు చూసేవాళ్ళు మాత్రం ఏ ఇబ్బందీ లేదన్నారు.

టీవీలు దారికొచ్చాయి. లోకమే రాలేదు. బడిలో పిల్లలు చేమంతిపువ్వు బొమ్మకి పసుపు రంగు వేస్తే డ్రాయింగు మేష్టారు సున్నా వేశాడు, టీవీ పాఠంలో అది ఆకుపచ్చగా ఉంది మరి. మున్సిపాలిటీ ముందున్న తెల్లటి పాలరాతి విగ్రహం టీవీలో ఒకలాగా, ఎదురుగా ఒకలాగా ఉందని ఎవరో రాస్తే, విగ్రహానికి లేతనీలం సున్నం కొట్టించారు. ఆఫీసు సిబ్బంది తెల్లచొక్కాలు ప్రమాణానికి తక్కువగా ఉన్నాయని తేలింది. చొక్కాకి మూడు మూతల నీలిమందు తప్పనిసరి అని సర్క్యులర్ వచ్చింది. సూర్యప్రకాశంగారు నియమం తప్పే మనిషి కాదు, నాలుగు మూతలు వేయించుకునేవారు.

ఇంత జరుగుతున్నా ఊళ్ళో ఒక్కడికి మాత్రం ఆ రంగు గొంతులో ముల్లులా ఉండేది. అతను జంజనం నాగలింగం, నలభై ఏళ్ళు నూలుకి రంగులద్దిన మనిషి. నాగలింగం రంగు ఉతికితే పోదని ఆ చుట్టుపక్కల ప్రసిద్ధి. చీర చిరిగి పీలికలై, మసిగుడ్డయి, పొయ్యిలోకి పోయేదాకా రంగు మాత్రం అలాగే ఉండేది. అయితే ఆ రంగు కుదిరిందో లేదో చెప్పేది నాగలింగం కాదు, అతని భార్య చౌడమ్మ. బానలోంచి తీసిన నూలు కట్టని, అదే చిలపని, ఎండలో ఆరేసి, అటు తిప్పి ఇటు తిప్పి, "పిసరు ఎరుపెక్కింది" అనేది. అంతే, మళ్ళీ మొదటికి. నలభై ఏళ్ళలో చౌడమ్మ మొదటిసారే కుదిరిందన్న రంగు ఒక్కటీ లేదు.

కిందటేడు మోకాళ్ళు మొరాయించి నాగలింగం బాన బోర్లించాడు. ఆఖరిసారి వేసింది ఉల్లిపాయ రంగు. చౌడమ్మ మూడుసార్లు తిప్పి కొట్టి నాలుగోసారికి "ఊఁ" అంది. ఆ నూలు చీరయి, బట్టల కొట్టుకి పోయి, ఎక్కడికో పోయింది. రంగులవాడి బతుకంతే. తడి నూలు చూస్తాడు గానీ, ఆ రంగు ఒక మనిషి ఒంటి మీద నడుస్తుంటే చూసే యోగం ఉండదు.

అలాంటిది, ఒక సోమవారం బట్టల కొట్టు శేషయ్య ఫోను చేశాడు.

"బాబాయ్, మీ ఉల్లిపాయ రంగు చీర ఉందే, ఆదివారం ఐదు నిమిషాలు ముచ్చట్లు చెప్పే టీవీ అమ్మాయి కొనుక్కుంది! వచ్చే ఆదివారం పదింటికి అదే కట్టుకుంటదంట. పిన్నికి చెప్పు."

నాగలింగం ఫోను పెట్టేశాడు. గబగబా పోయి చౌడమ్మకి చెప్పాడు. చౌడమ్మ చేతిలో చేట పక్కన పెట్టి, టీవీ వైపు చూసింది. టీవీలో ఎవరో నీలం పెళ్ళికొడుకు నీలం పెళ్ళికూతురికి తాళి కడుతున్నాడు.

"దీంట్లో మన రంగు వంకాయలాగా కనపడదంటయ్యా?" అంది.

"కనపడదు. కనపడనియ్యను" అన్నాడు నాగలింగం.

ఇక్కడ చౌడమ్మ గురించి ఒక మాట చెప్పాలి. నూలుపేటలో కొత్త వస్తువు కొంటే కవరు తియ్యరు. తీస్తే పాతబడుతుందని నమ్మకం. చౌడమ్మ ఇంట్లో ఫ్రిజ్జు మీద అట్టపెట్టె గుర్తులింకా ఉన్నాయి, రిమోటుకి ప్లాస్టిక్ సంచీ ఉంది, కుర్చీల కవర్లు చిరిగి కూర్చున్నవాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. టీవీ వచ్చినరోజు నాగలింగం అద్దం మీది పల్చటి కవరు లాగేశాడని ఆవిడ మూడు రోజులు పలకలేదు. అంత చౌడమ్మ, ఆ మధ్యాహ్నం రిమోటు సంచీ తానే విప్పి మొగుడి చేతికిచ్చింది. అంటే ఎంత ఆశపడిందో చూడండి.

కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపు గడియ పెట్టి, వంటల కార్యక్రమం రాగానే పని మొదలెట్టారు. చౌడమ్మ ఒక పళ్ళెంలో పసుపు, కుంకుమ, పెరుగన్నం, కాటుక బరిణె, ఒక ఉల్లిపాయ పెట్టుకుని టీవీ పక్కన నిలబడింది. నాగలింగం ఎదురుగా పీట వేసుకున్నాడు. ముందు వెలుగు చూశాడు. వంటావిడ జడలో పాయలు విడివిడిగా కనపడేదాకా తగ్గిస్తూ పెంచుతూ కాటుకతో పోల్చాడు. తర్వాత ఆఫీసువాళ్ళు చల్లటి నీలం వైపు చివరికంటా నెట్టేసిన రంగుల గీతని వెచ్చటి ఎరుపు వైపుకి జరుపుతూ, ఆవిడ వడ్డించే అన్నాన్ని చౌడమ్మ పెరుగన్నం పక్కకి తెచ్చాడు.

"అన్నం అన్నంలాగే ఉందిప్పుడు. పసుపు చూడు" అంది చౌడమ్మ. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ ఆఁ, ఆగవయ్యా, దాటిపోయావు!"

"వెనక్కి వస్తున్నాలే, అరవబాక."

చివరికి వంటావిడ ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది. చౌడమ్మ తన ఉల్లిపాయని టీవీకి ఆనించింది. నాగలింగం రెండు మెట్లు తగ్గించాడు. తెరలోని ఉల్లిపాయకీ చేతిలోని ఉల్లిపాయకీ తేడా లేకుండా పోయింది.

"అయ్యో, ఈవిడ చామనఛాయ మనిషంటయ్యా!" అంది చౌడమ్మ నోరు నొక్కుకుని. "ఇన్నాళ్ళూ ఏదో జబ్బు మనిషనుకున్నా."

మంచిపని మూడు రోజులు దాగదు. పక్కింటావిడ చక్కెరకని వచ్చి, టీవీలో టమాటా ఎర్రగా ఉండటం చూసి కెవ్వుమంది. సాయంత్రానికి వీధంతా వచ్చి చూసిపోయింది. గురువారం పొద్దున్నే నీలం చొక్కా, చంకన అట్టలతో సూర్యప్రకాశంగారు గుమ్మంలో ఉన్నారు.

ఆయన టీవీ ముందు వంగి, అట్టలు పెట్టి చూసి, నిట్టూర్చారు.

"నాగలింగంగారూ, మీ టీవీయందు అరటిపండు పసుపుపచ్చగా ఉన్నది."

"అరటిపండు పసుపుపచ్చగానే ఉంటదండీ."

"బయట ఉండవచ్చును. బయటి అరటిపండ్లు మండలి పరిధిలోకి రావు."

"మరి అది ఇట్టా ఉంటే తప్పేందండీ?"

"ఊరిలో ఎనిమిది వందల ఇరవై తొమ్మిది టీవీలు ఒక్క రీతిగా ఉన్నవి. మీది ఒక్కటే వేరుగా ఉన్నది. తప్పు ఎవరిదో మీరే ఆలోచింపుడు."

పంచనామా రాశారు. స్వాధీనం చేసుకున్న అనధికార పరికరములు: పసుపు ఒక పొట్లము, కుంకుమ ఒక భరిణె, కాటుక ఒకటి, పెరుగన్నము ఒక గిన్నె (పులిసినది), ఉల్లిపాయ ఒకటి. టీవీని మళ్ళీ ప్రమాణానికి దించారు. రిమోటుని గుడ్డసంచీలో వేసి, మూతి కుట్టి, లక్క ముద్ర వేశారు. విచారణ ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకి అన్నారు.

"ఆదివారమా! తొమ్మిదిన్నరకా!" నాగలింగం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "అయ్యా, ఆ పూట ఒక్కటి ఒదిలెయ్యండి. సోమవారం రమ్మంటే పొద్దున ఆరింటికే వచ్చి మీ అరుగు మీద కూచుంటా. ఆదివారం మా రంగు టీవీలో వస్తదండీ. మా ఇద్దరికీ అదొక్కటే..."

"క్రమబద్ధీకరణ వారోత్సవములు ఆదివారముతో ముగియును" అన్నారు సూర్యప్రకాశంగారు. "వారోత్సవములకు ఒక కేసైనను కావలెను. మీరొక్కరే దొరికితిరి."

ఆదివారం నాగలింగం ఉతికిన పంచె కట్టుకుని, ఉల్లిపాయ రంగు నూలులో మిగిలిన చిన్న చిలప జేబులో పెట్టుకుని బయల్దేరాడు. చౌడమ్మ మాత్రం టీవీ ముందే కూర్చుంది. నీలంలో అయినా సరే, వచ్చినప్పుడు చూడాలి కదా అంది.

ఆఫీసు హాల్లో రెండు కుర్చీలు, మధ్యలో టేకు బల్ల మీద ప్రామాణిక టీవీ. బల్ల మీద సాక్ష్యాలు వరసగా పెట్టి ఉన్నాయి. పెరుగన్నానికి మూత పెట్టినా వాసన ఆగలేదు. అటెండరు ఇస్రాయేలు ముక్కుకి రుమాలు కట్టుకుని నిలబడ్డాడు. సూర్యప్రకాశంగారు ఎడమ కుర్చీలో కూర్చుని, లేచి, "ఫిర్యాదుదారు హోదాలో మనవి చేయునది ఏమనగా" అని కుడి కుర్చీ వైపు తిరిగి ఫిర్యాదంతా చదివారు. తర్వాత వెళ్ళి కుడి కుర్చీలో కూర్చుని, "విచారణాధికారి హోదాలో స్వీకరించితిమి" అన్నారు. "అయ్యా, ఈ ఒక్కసారికి మాఫీ చెయ్యండి" అని నాగలింగం అడిగితే, "అది ఫిర్యాదుదారుని అడగవలెను" అన్నారు. ఆయన ఎడమ కుర్చీలోకి మారాక అడిగితే, "అది విచారణాధికారి చేతిలోనిది" అన్నారు. ఇస్రాయేలు తల అటూ ఇటూ తిప్పలేక గోడకి ఆనుకున్నాడు.

ముందుగా ఉల్లిపాయని విచారించారు. సూర్యప్రకాశంగారు దాన్ని అట్ట పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"ఈ ఉల్లిపాయ తప్పు రంగులో ఉన్నది. దీనిని ఎచ్చట కొంటిరి?"

"సంతలోనండీ."

"సంతకు నోటీసు పంపవలెను. ఇస్రాయేలూ, రాసుకో."

గోడ గడియారం పది కొట్టడానికి రెండు నిమిషాలుంది. నాగలింగానికి ఒక ఆలోచన తట్టింది. జేబులోంచి చిలప తీసి బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, నా తరఫున ఒక సాక్ష్యం ఉంది. ఈ నూలుతో నేసిన చీర ఇప్పుడే టీవీలో వస్తది. మీ ప్రామాణిక టీవీలోనే చూద్దాం. నా చేతిలో రంగూ, తెరలో రంగూ ఒకటయితే సరే. కాకపోతే మీరు ఏ శిక్ష వేసినా తల వంచుతా."

కుర్చీలు రెండూ కాసేపు ఆలోచించాయి. సాక్ష్యం కాదనడానికి నియమం దొరకలేదు. ఇస్రాయేలు ఛానెలు మార్చాడు.

ఆదివారం ముచ్చట్లమ్మాయి నవ్వుతూ వచ్చి కూర్చుంది. ముఖం నీలం, పళ్ళు నీలం, పువ్వులు నీలం. చీర అచ్చంగా వంకాయ. ముదిరిన వంకాయ. నలభై ఏళ్ళ చాకిరీ, చౌడమ్మ తిప్పి కొట్టిన మూడు బానలు, అన్నీ కలిసి ఈ వంకాయ అయ్యాయా! నాగలింగానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెలియకుండానే లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

దగ్గరికెళ్ళాక అతనికి తెర మీద ఒక గాలిబుడగ కనపడింది. సరిగ్గా ఆ అమ్మాయి చెవి పక్కన. రంగులవాడి బొటనవేలి గోరు ఊరుకోదు కదా, బుడగని నొక్కింది. బుడగ చెవి పక్క నుంచి ముక్కు మీదికి జరిగింది. మూల దాకా తడిమి చూశాడు. అంచు లేచి ఉంది.

"అయ్యా! కవరు! కవరు తియ్యలేదు మీరు! నీలం టీవీలో లేదు, కవర్లో ఉంది! ఊరందరి టీవీలూ కవరుని చూసి దిద్దారా!"

సూర్యప్రకాశంగారు చలించలేదు. బీరువా తెరిచి స్టాకు రిజిస్టరు తీసి చదివారు. "ప్రామాణిక టీవీ, ఒకటి, కవరుతో సహా. చూచితిరా? కవరుతో సహా అనియే మాకు అప్పగింపబడినది. కవరు తీసినచో టీవీ పాతదగును. పాత టీవీ ప్రామాణికము కాజాలదు."

తెరలో ఆ అమ్మాయి "మళ్ళీ వారం కలుద్దాం" అని రెండు చేతులూ జోడిస్తోంది. ఇంక ఒక్క క్షణం ఆగితే పోయినట్టే. నాగలింగం గోరు అంచు కింద దూరింది. చర్రుమంది. కవరు నిలువునా ఊడొచ్చింది.

తెరలో ఒక మనిషి ఉంది. చామనఛాయ, పసుపు పూసిన చెంపలు, జడలో తెల్లటి మల్లెలు. ఒంటి మీద ఉల్లిపాయ రంగు చీర. నాగలింగం చిలపని ఆ కొంగు పక్కన పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. మూడంటే మూడు క్షణాలు, అంతలో ప్రకటనలొచ్చేశాయి. అయితేనేం, చూశాడు. జన్మ ధన్యమైపోయిందనుకున్నాడు.

"అయ్యగారూ," అన్నాడు ఇస్రాయేలు మెల్లగా, "మీ చొక్కా నీలంగా ఉందండీ."

సూర్యప్రకాశంగారు తన చొక్కా వైపు చూసుకున్నారు. బల్ల మీది ఉల్లిపాయ వైపు చూశారు. అంతలో నాగలింగం సెల్లు మోగింది.

"వచ్చిందయ్యా! వంకాయలాగే వచ్చింది" అంది చౌడమ్మ. "నీకక్కడేమైనా కనపడిందా?"

"కనపడిందే. మనదే."

"కుదిరిందా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నాగలింగానికి ఏనాడూ అలవాటు లేదు. "నువ్వు చూడాల చౌడమ్మా" అన్నాడు. "శుక్రవారం సాయంత్రం మళ్ళీ వేస్తారని టీవీలో పడింది. నువ్వు చూడాల."

తీర్పు చెప్పడానికి సూర్యప్రకాశంగారికి గంట పట్టింది. ఆ గంటలో ఆయన ఏడుసార్లు కుర్చీ మారారు. ఆఖరికి కుడి కుర్చీలో స్థిరపడి చదివారు.

"ఇంతకాలము కవరు చేయవలసిన పనిని టీవీలచేత చేయించుట జరిగినది. ఇది టీవీలకు అధిక శ్రమ. ఇకపై టీవీ పని టీవీది, కవరు పని కవరుది. కావున ఊరిలోని టీవీలన్నియు కంపెనీ నుండి వచ్చిన స్థితికి తేబడును. పిదప ప్రతి టీవీకిని, చిరిగిన ప్రామాణిక కవరుతో సరితూగు నీలి కవరు తగిలింపబడును. సదరు కవరును చింపిన నాగలింగమే శిక్షగా, గురువారములోపు ఎనిమిది వందల ముప్పై కవర్లకు రంగు వేసి అప్పగించవలెను. ప్రామాణిక టీవీకి అదనముగా ఒకటి."

పుస్తకాలకి అట్టలేసే తెల్లటి ప్లాస్టిక్ చుట్టలు ఆఫీసు నుంచే వచ్చాయి. నాగలింగం బోర్లించిన బాన తిరగేశాడు. పొయ్యి రాజేశాడు. చౌడమ్మ దండేలు కట్టింది. అయితే, బానలో కలిపింది చూసి ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. బియ్యం గంజి. అందులో నీలిమందు.

"ఇదేందయ్యా? ఇది తడి తగిలితే పోయే రంగు గదా?"

నాగలింగం కలుపుతూనే ఉన్నాడు.

"నలభై ఏళ్ళ పేరయ్యా. నాగలింగం రంగు పోయిందని ఊరంతా నవ్వితే ఏం చేస్తావు?"

"నవ్వనీ" అన్నాడు. అన్నాడే గానీ గరిటె ఒక తిప్పు ఆగింది. ఆ చేత్తో పోయే రంగు వెయ్యడం అదే మొదలు. "శుక్రవారం పొద్దున్నే ఆడోళ్ళంతా ఇళ్ళు తుడుచుకుంటారు గదే" అన్నాడు కాసేపటికి.

చౌడమ్మ గంజి గరిటె తను అందుకుంది.

గురువారం కవర్లు అప్పగించేటప్పుడు సూర్యప్రకాశంగారు ఒకదాన్ని ఎండలో పట్టి, చిరిగిన కవరుతో పోల్చి, తృప్తిగా తలాడించారు. రంగు పక్కాతనం పరీక్షించబడినదా అన్న గడిలో, నాగలింగం రంగు కావున పరీక్ష అనవసరము అని రాసి సంతకం పెట్టారు. నాగలింగం ఆ సంతకం వైపు చూడలేక తల దించుకున్నాడు.

ఇక టీవీలని మొదటి స్థితికి తేవడం మిగిలింది. ఇల్లిల్లూ తిరిగితే మళ్ళీ ఆరు నెలలు. అందుకని ఒక ప్రత్యేక ఉత్తర్వు తెప్పించారు. పర్యవేక్షకుని స్వరము మైకులో వినిపించుచుండగా పౌరుడు నొక్కిన మీట, పర్యవేక్షకుడు నొక్కిన మీటగానే పరిగణింపబడునని దాని సారాంశం. సాయంత్రం ఆటోకి మైకు కట్టుకుని సూర్యప్రకాశంగారు ఊరంతా తిరిగారు. "పౌరులారా, సిద్ధము కండు! ఒకటి... రెండు... నొక్కుడు!" ఎనిమిదొందల ముప్పై ఇళ్ళలోనూ, ఆటో వచ్చిన వీధి వచ్చినట్టు, మొదటి స్థితికి తెచ్చే మీట నొక్కారు. చౌడమ్మ రిమోటు లక్కముద్ర సంచీలో ఉండటంతో, సంచీ మీంచే తడిమి తడిమి నొక్కింది. ఆ వెంటనే ఊరంతా కవర్లు తగిలించుకుంది. ఊరు మళ్ళీ నీలమైంది. సూర్యప్రకాశంగారు ప్రశాంతంగా నిద్రపోయారు.

శుక్రవారం తెల్లారింది. నూలుపేట ఆడవాళ్ళు తలస్నానాలు చేసి, గడపలకి పసుపు రాసి, దేవుడి పటాలు తుడిచి, ఎలాగూ తడిగుడ్డ చేతిలో ఉంది కదా అని టీవీలు కూడా తుడిచారు. గుడ్డ నీలమైంది. పిండుకుని మళ్ళీ తుడిచారు. బకెట్లు నీలమయ్యాయి. పదింటికల్లా వీధి కాలవలో నీలం నీళ్ళు పారుతున్నాయి. "ఇదేం రంగమ్మా, నాగలింగం వేసిందేనా?" అని ఒకావిడ అరిచింది. "అదంతేలే, వయసైపోయింది పాపం" అని ఇంకొకావిడ. ఆ మాటలు అరుగు మీద కూర్చున్న నాగలింగానికి వినపడుతూనే ఉన్నాయి. లోపల చౌడమ్మ కవరుని మూడోసారి తుడుస్తోంది. కవరు మాత్రం తియ్యలేదు. తీస్తే పాతబడుతుంది కదా!

సాయంత్రం ఐదున్నరకి చౌడమ్మ పీట వేసుకుని టీవీ ముందు కూర్చుంది. నాగలింగం వెనక నిలబడ్డాడు. సరిగ్గా ముచ్చట్లు మొదలయ్యే వేళకి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. సూర్యప్రకాశంగారు. చంకన అట్టల్లేవు, చేతిలో ఉల్లిపాయ ఉంది. దానికి జానెడు మొలక వచ్చింది.

"సాక్ష్యము మొలకెత్తినది" అన్నారు. "రిజిస్టరునందు మొలకకు గడి లేదు. సంతకము చేసి తీసుకొనుడు." తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మా ఇంట్లో ఆవిడ కూడా తుడిచేసిందండీ" అన్నారు.

నాగలింగం కుర్చీ చూపించాడు. ఆయన కూర్చోలేదు. అప్పటికే తెర మీద ఆ అమ్మాయి వచ్చేసింది, ఉల్లిపాయ రంగు చీరలో.

చౌడమ్మ కదల్లేదు. బానలోంచి తీసిన చిలపని చూసినట్టే కళ్ళు చికిలించి, తల అటు వంచి ఇటు వంచి చూసింది. సూర్యప్రకాశంగారి చేతిలోంచి ఉల్లిపాయ తీసుకుని తెరకి ఆనించి చూసింది. నాగలింగం ఊపిరి బిగబట్టాడు. నీలం చొక్కాలో సూర్యప్రకాశంగారు కూడా ఎందుకో బిగబట్టారు.

"రంగు కుదిరిందయ్యా" అంది చౌడమ్మ. కొంగుతో కళ్ళొత్తుకుంది. "అచ్చం మనం వేసిందే. టీవీయే పిసరు ఎరుపెక్కింది."

నాగలింగం చెయ్యి అలవాటుగా రిమోటు మీదికి పోయి, లక్కముద్ర తగిలి ఆగిపోయింది. సూర్యప్రకాశంగారు వీధి వైపు ఒకసారి చూశారు. తలుపు దగ్గరగా వేశారు. సంచీ అందుకుని, తన ముద్రని తనే పటుక్కున విరిచి, కుట్లు పళ్ళతో తెంపి, రిమోటు బయటికి తీసి టీవీ ముందు చౌడమ్మ పక్కనే గొంతుక్కూర్చున్నారు.

"ఎంత తగ్గించమంటారమ్మా?" అన్నారు.